ఆమేన్‌కి ముందే

లైసెన్సు పరీక్ష మంగళవారం. నేను సాక్ష్యం చెప్పింది దానికి ముందు ఆదివారం. జరిగిన గొడవంతా ఆ రెండు రోజుల తేడాలోనే ఉంది.

మా సంఘంలో ఆరాధన చివర సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. పాస్టరమ్మగారు మైకు పట్టుకుని వరసల మధ్య నడుస్తూ, ఎవరి ముఖం కాస్త వెలిగినట్టు కనబడితే వాళ్ళ ముందు ఆగుతారు. ఆ రోజు ప్రసంగం, మేలు చేతికి అందకముందే కృతజ్ఞత చెప్పగలగడం గురించి. పాస్టరుగారు బాగా చెప్పారు. కాస్త ఎక్కువ బాగా చెప్పారేమో కూడా. నా ముఖం వెలిగింది. మైకు ఆగింది.

"దేవుడు నాకు డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చాడు," అన్నాను.

ఇస్తాడని నమ్ముతున్నాను, అందామనే లేచాను. కానీ నాకు మొదటినుంచీ భవిష్యత్కాలం అంటే ఓపిక లేదు. డిగ్రీ దాకా తెలుగు వ్యాకరణం చదివినదాన్ని, ఇచ్చాడుకీ ఇస్తాడుకీ తేడా తెలియక కాదు. మధ్యలో ఒక్క అక్షరమే కదా, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఈలోగా చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్ల మధ్య అక్షరం దిద్దుకోవడం ఎంత పండితులకైనా కష్టమే.

పక్కన అత్తయ్య చప్పట్లు కొట్టలేదు. పాటల పుస్తకం తీసి, ఎవరూ పాడమనని పాట కోసం పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.

ఇంత తొందర ఎందుకొచ్చిందో చెప్పాలి. మా ఆయన మందుల షాపులో పనిచేస్తారు. ఇరవై ఏళ్ళు కారు నడిపారు. నిరుడు కంటి డాక్టరు ఆయన ఎడమ కన్ను చూసి, సీసాల మీద అక్షరాలు చదువుకోవచ్చు గానీ స్టీరింగు ముందు మాత్రం కూర్చోవద్దన్నారు. అప్పటినుంచీ కారు ఇంటి ముందు గుడ్డ కప్పుకుని పడుకుంది. మా ఆయన వారానికోసారి గుడ్డ తీసి, ఇంజను పది నిమిషాలు తిప్పి, బానెట్టు నిమిరి, మళ్ళీ గుడ్డ కప్పి వస్తారు. బాలింతగా ఉన్నప్పుడు నాకు కూడా అంత సేవ జరగలేదు.

కారు అవసరం ఆయనకి కాదు, అత్తయ్యకి. అత్తయ్యకి ఒక్కగానొక్క అక్క ఉన్నారు, నాకు పెద్దత్తయ్య. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై అయిదేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొండ మీద ఉన్న వృద్ధుల ఆశ్రమంలో ఎవరూ చెప్పకుండా తనే వెళ్ళి చేరారు. రెండేళ్ళుగా మరుపు పట్టుకుంది. ముందు తాళాలు మరిచిపోయారు, తర్వాత వారాలు, ఇప్పుడు మనుషులు. "మొన్నమొన్నటి దాకా చెల్లెలు ఎప్పుడొస్తుందని రోజూ అడిగేవారు. ఈ మధ్య అడగడం తగ్గింది," అని అక్కడి నర్సు ఫోనులో చెప్పింది. అత్తయ్య ఫోను పెట్టేసి, చెంగుతో దాన్ని చాలాసేపు తుడుస్తూ కూర్చున్నారు. దాని మీద దుమ్మేమీ లేదు.

ఆశ్రమంలో చూడనిచ్చేది మంగళవారం ఒక్కరోజు, మూడు నుంచి నాలుగు. బస్సు కొండ కింద ఆగిపోతుంది. అత్తయ్య మోకాళ్ళు అంతకంటే ముందే ఆగిపోతాయి. ఒకసారి టాక్సీలో వెళ్ళాం. టాక్సీ అతను గేటు దగ్గర నిలబడి అయిదేసి నిమిషాలకి హారను కొట్టాడు. కొట్టినప్పుడల్లా పెద్దత్తయ్య, "గంట కొట్టారు, తర్వాతి క్లాసుకి వెళ్ళాలి," అని లేచి నిలబడ్డారు. ఇక టాక్సీ మాటెత్తొద్దన్నారు అత్తయ్య.

తర్వాత మా సంఘంలో పెద్ద అయిన దర్జీ బాబాయి, బట్టలు చేరవేసే తన చిన్న వ్యానులో రెండు వారాలకోసారి ఆవిడని తీసుకెళ్ళి తీసుకొస్తున్నారు. ఆ ఆదివారం నా సాక్ష్యం వినగానే ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, నీకు దారి తెరిచాడు, నన్ను విడిపించాడు. ఇక మంగళవారాలు నేను వేరే పని పెట్టుకుంటాను," అన్నారు. పెళ్ళి కుదిరినవాడి ముఖం కూడా అంత కళగా ఉండదు. ఆ ముఖం ముందు వ్యాకరణం ఎలా విప్పను? "వందనాలు బాబాయ్," అన్నాను.

ఇంటికి నడుస్తుంటే అత్తయ్య అడిగారు.

"ఏదీ, లైసెన్సు చూపించు."

"విశ్వాసంలో ఉంది అత్తయ్యా."

"అక్కణ్ణించి పర్సులోకి ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండి."

"రాకపోతే?"

"మీరే అలా అంటే ఎలా? విశ్వాసం ఉండొద్దూ."

"దేవుడి మీద ఉందమ్మా. నీ క్లచ్చు మీదే లేదు."

మా ఆయన నాలుగడుగులు వెనక నడుస్తూ చెట్ల వంక చూస్తున్నారు. అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటున్నప్పుడు ఆయనకి ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొస్తుంది.

అత్తయ్య అనుమానానికి ఆధారం లేకపోలేదు. నాకు డ్రైవింగు నేర్పే మాస్టారు ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. ఆయన కారుకి రెండు బ్రేకులు. ఒకటి నేర్చుకునేవాళ్ళకి, ఒకటి ఆయనకి. నేను చేరాక ఆయన బ్రేకే ముందు అరిగిందని ఆయన ఫిర్యాదు. "అమ్మా, మీ చేతులు బాగున్నాయి. కళ్ళు బాగున్నాయి. పాదానికే ఓపిక లేదు," అనేవారు. పప్పు ఉడక్కుండానే మూత తీసి చూసే చెయ్యి, ఉత్తరం చదివేవాడి భుజం మీంచి చివరి వాక్యం చదివే కన్ను నావి. పాదం ఒక్కటే వేరుగా ఎలా ఉంటుంది?

మంగళవారం పరీక్ష తీసుకున్నాయన పక్క సీట్లో కూర్చుని ఒక పెన్ను పట్టుకున్నాడు. తప్పు జరిగినప్పుడల్లా దాని తల నొక్కుతాడు. టిక్కుమంటుంది. నేను ఆయనకి పెన్ను సారు అని పేరు పెట్టుకున్నాను. సిగ్నలు లేని నాలుగు రోడ్ల దగ్గర అడ్డంగా తెల్లగీత ఉంటుంది. అక్కడ బండి పూర్తిగా ఆపి, చూసుకుని, అప్పుడు కదలాలి. నేను వెళ్ళేసరికి అటూ ఇటూ పురుగు కూడా లేదు. వేగం తగ్గించాను, చూశాను, వెళ్ళాను. టిక్కు.

"ఆగాలి," అన్నాడు.

"ఆగాను కదండీ."

"ఆగలేదు. ఆగుదామనుకున్నారు."

ఈయన కూడా వ్యాకరణం చదివాడేమో అనుకున్నాను. పాల వ్యానుని దాటినప్పుడు ఇంకో టిక్కు. మళ్ళీ నాలుగు వారాల తర్వాత రమ్మన్నారు.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య బయటికెళ్ళే చీర కట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో సంచి, సంచిలో బిస్కెట్ల డబ్బా, అక్క కోసం కొన్న కొత్త దువ్వెన. నా ముఖం చూశారు. లేచి సంచి కొక్కేనికి తగిలించి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. తిట్టి ఉంటే నేనూ ఒకటి అనేదాన్ని, ఇద్దరికీ కాస్త తేలికపడేది.

తర్వాతి ఆదివారం గుడి గుమ్మంలోనే ముగ్గురు అభినందించారు. నాలుగో ఆవిడ, "మరి కారులో రాలేదేం?" అంది.

"మెకానిక్ దగ్గరుంది," అన్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్య కారు గుడ్డ కొంచెం పైకెత్తి చూశారు. "మెకానిక్ ఈ గుడ్డ కిందే ఉన్నాడా? పాపం, ఊపిరాడుతోందో లేదో," అన్నారు. తర్వాత చెప్పులు విప్పుతూ, "మొన్నటి దాకా అబద్ధం ఒక్కతే ఉండేది. ఇప్పుడు సంసారం పెట్టింది," అన్నారు.

మర్నాటి నుంచీ ఆవిడ పొద్దున్నే నా కోసం ప్రార్థన మొదలుపెట్టారు. "తండ్రీ, నా కోడలికి నెమ్మది దయచెయ్యి." వంటింట్లో ఉన్న నాకు వినబడేంత గట్టిగా. దేవుడికి చెవుడు లేదు గనుక అది ఎవరి కోసమో నాకు తెలుసు. మా వాళ్ళ భాషలో నెమ్మది అంటే మనశ్శాంతి. కానీ నాలుగు వారాలు రోజూ అదే మాట చెవిలో పడితే మనసులోకి వెళ్ళాల్సింది దారి తప్పి కాలిలోకి దిగిపోయింది. రెండోసారి పరీక్షలో నేను ఎంత నెమ్మదిగా నడిపానంటే, ఒక సైకిలు మమ్మల్ని దాటింది. తర్వాత పిల్లబండి తోసుకుంటూ వెళ్తున్న ఒక తల్లి దాటింది. ఆ బండిలో పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది.

"ఇక్కడ నలభైలో వెళ్ళాలి," అన్నాడు పెన్ను సారు.

"నెమ్మదిగా వెళ్తున్నానండీ."

"మీరు వెళ్ళడం లేదు."

అంత నెమ్మదీ తెల్లగీత దగ్గరికి వచ్చేసరికి ఆవిరైపోయింది. ఆగీ ఆగకముందే పాదం లేచిపోయింది. టిక్కు.

ఆ వారం నర్సు మళ్ళీ ఫోను చేసింది. పెద్దత్తయ్య తననే చెల్లీ అని పిలుస్తున్నారని నవ్వుతూ చెప్పింది. "పోనీలే, చెల్లెలంటూ ఎవరో ఒకరు ఉండాలిగా," అన్నారు అత్తయ్య. అప్పటికి ఆవిడ అక్కని చూసి ఆరు వారాలైంది. ఫోను పెట్టేశాక నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, నేను తరుగుతున్న కూరగాయల్లోంచి ఒకటి తీసుకుని గోరుతో గీస్తూ అన్నారు.

"ఈ ఆదివారం లేచి ఉన్నమాట చెప్పు. నీ పరువు సంగతి నాకనవసరం. దర్జీ తమ్ముడు మళ్ళీ బండి తీస్తే, నన్ను పూర్తిగా మరిచిపోకముందు ఒక్కసారి అక్కని చూసుకుంటాను."

అంత మాట అన్నాక పరువు ఎక్కడ దాచుకోను? పాస్టరమ్మగారికి ఫోను చేశాను.

"సాక్ష్యం వెనక్కి తీసుకోవాలండీ."

"ఎందుకమ్మా?"

"జరగలేదు."

"చెప్పడానికి సమయం ఉంది గానీ, వెనక్కి తీసుకోవడానికి మన దగ్గర పద్ధతంటూ లేదే. అయ్యగారిని అడిగి చెప్తాను," అన్నారు. అయ్యగారు, అదే సమయం, అదే మైకు అన్నారట.

ఆదివారం లేచాను. ముఖం వెలగలేదు కాబట్టి పాస్టరమ్మగారు గుర్తుపెట్టుకుని మరీ రావలసి వచ్చింది.

"దేవుడు నాకు లైసెన్సు ఇవ్వలేదు," అన్నాను. "రెండుసార్లు ఇవ్వలేదు. ఆయన తప్పేం లేదు. ఇస్తాడు అనబోయి ఇచ్చాడు అన్నాను. కారు మెకానిక్ దగ్గర లేదు, ఇంటి ముందే ఉంది. మా అత్తయ్య వాళ్ళ అక్కని చూసి ఆరు వారాలు దాటింది, అది నా వల్లే. దర్జీ బాబాయి మళ్ళీ దయతలిస్తే..."

దర్జీ బాబాయి అప్పటికే లేచి నిలబడ్డారు. రెండు చేతులతో ముందు బెంచీ పట్టుకుని మరీ లేచారు.

"నా మోకాలు కూడా తగ్గలేదు," అన్నారు.

అందరూ ఆయన వైపు తిరిగారు. మోకాలు పూర్తిగా స్వస్థపడిందని ఆయన చెప్పిన సాక్ష్యానికి మేమందరం పోయిన ఏడు చప్పట్లు కొట్టాం.

"తగ్గుతుందనే చెప్పబోయాను. నోట్లోంచి తగ్గిందని వచ్చింది. ఆ కొండ మలుపుల్లో క్లచ్చు తొక్కితే ప్రాణం కళ్ళలోకి వస్తుంది. అమ్మాయికి లైసెన్సు వచ్చిందంటే నాకంటే సంతోషించినవాళ్ళు లేరు. అక్కా, నన్ను క్షమించు, ఇక ఆ కొండ నా వల్ల కాదు."

తర్వాత వెనక వరసలోంచి ఒకావిడ, తన అల్లుడు మానేశాడని చెప్పిన సిగరెట్టు సంగతి సవరించుకుంది. ఇంకొకాయన తన తమ్ముడితో రాజీ పడ్డానని చెప్పింది నిజమే గానీ, ఆ రాజీ సంగతి తమ్ముడికి ఇంకా తెలియదన్నాడు. పాస్టరమ్మగారు మైకు పట్టుకుని వరసల మధ్య పరుగులాంటి నడక నడిచారు. చివరికి పాస్టరుగారు వేదిక వెనక్కి వెళ్ళి, ఒక బకెట్టు తెచ్చి అందరికీ కనబడేలా పెట్టారు. పైకప్పు కారడం ఆగిపోయిందని ఆయన వేసవిలో ప్రకటించారు. వేసవిలో కాబట్టి ఎవరూ సందేహించలేదు.

నవ్వులు తగ్గాక ఆయన అన్నారు. "ముందే కృతజ్ఞత చెప్పమన్నాను గానీ, ముందే సమాచారం చెప్పమనలేదు. అందరం తొందరపడ్డాం." నా వైపు తిరిగి, "మీరు మాత్రం మానొద్దమ్మా. ప్రతి ఆదివారం ఎంతవరకు వచ్చిందో అంతే చెప్పండి," అన్నారు.

అలా నాకు వారం వారం ఒక నిమిషం మైకు దొరికింది. "ఈ వారం రివర్సు వచ్చింది. పార్కింగు రాలేదు." "పార్కింగు వచ్చింది. రివర్సు పోయింది." ప్రసంగం కంటే దీనికోసమే వస్తున్నామని కొందరు అనడం నేను విన్నాను. పాస్టరుగారికి చెప్పలేదు.

కానీ అది తర్వాతి సంగతి. ఆ రోజు ఇంటికి నడుస్తూ అత్తయ్య వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టుకున్నారు. దర్జీ బాబాయి మీద పెట్టుకున్న ఆశ కూడా పోయింది. మూడో పరీక్షకి ఇంకా మూడు వారాలు ఉంది.

"ఇక నువ్వే దిక్కు," అన్నారు చివరికి. "నీ జబ్బేంటో నాకు తెలుసు. అది కాలిలో లేదు."

"మరెక్కడుంది?"

"ప్రార్థనలో నువ్వు ఆమేన్‌కి ముందే కళ్ళు తెరుస్తావు. ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను."

"మీరు ప్రార్థన పొడిగిస్తే పొయ్యి మీద ఏం మాడుతోందో ఎవరు చూస్తారు?"

"మా అక్కా ఇంతే. నేను ప్రార్థన చేస్తుంటే, ఆమేన్ అనేలోపల ఆవిడ చెయ్యి కంచంలో ఉండేది. మా నాన్న గరిటెతో ఒకటి వేసేవారు." ఆ గరిటె తలుచుకుని ఆవిడ కొంచెం నవ్వారు. "రేపట్నించి గీత దగ్గర బండి ఆపి, చిన్న ప్రార్థన చెయ్యి. ఆమేన్ అన్నాకే కదులు."

"ఏమని చెయ్యను?"

"ఎదురుగా వచ్చేవాడి ప్రాణం కోసం చెయ్యి. వాడికే అవసరం."

మర్నాడు ఆవిడ మాస్టారి కారు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. మాస్టారికి ప్రార్థనల అలవాటు లేదు. అయినా పెద్దావిడ కదా అని ఊరుకున్నారు. మొదటి గీత దగ్గర ఆపాను. "ప్రభువా కాపాడు ఆమేన్," అని కదలబోయాను.

"అది ప్రార్థన కాదు, తుమ్ము," అన్నారు వెనకనించి. మాస్టారు తన బ్రేకు నొక్కారు.

ఆ దారిలో మొత్తం పద్నాలుగు గీతలు. మొదటి వారం పద్నాలుగు చోట్లా తుమ్మాను. వెనక బళ్ళు హారన్లు కొట్టాయి. ఒకాయన అద్దం దించి ఏదో అన్నాడు. "ఆయన కోసం కూడా చెయ్యి," అన్నారు అత్తయ్య. రెండో వారానికి నాకే సిగ్గేసింది. ఎదురుగా వచ్చేవాడి పేరుతో అబద్ధపు ప్రార్థన చేస్తూ దేవుడి సమయం, పెట్రోలు రెండూ వృథా చేస్తున్నాననిపించింది. అందుకని ఒక గీత దగ్గర నిజంగానే చేశాను. పెద్దత్తయ్య కోసం. ఆవిడ ఇంకా కిటికీ దగ్గర కూర్చుంటారో లేదో, జడ ఎవరు వేస్తున్నారో, చెల్లెలి ముఖం ఒక్కసారికైనా మిగిల్చి ఉంచమని. ఆమేన్ అనేసరికి బండి కదలకుండా నిలబడి ఉంది. ఎడమవైపు మూలన ఒక తాళాల షాపు కనబడింది. రోజూ ఆ పక్కనించే వెళ్తున్నాను, అక్కడ షాపుందని ఆ రోజే తెలిసింది.

ఓర్పు పరిశుద్ధాత్మ ఇచ్చే ఫలం అంటుంటారు మా గుళ్ళో. ఫలం అంటే షాపులో కొనుక్కొచ్చేదే అని ఇన్నాళ్ళూ నా ఉద్దేశం. కాయగా ఉన్నప్పుడు దాన్ని ఎవరూ మెచ్చుకోరని, మధ్యలో కొరికితే పళ్ళు పులుస్తాయని ఆ మూడు వారాల్లో తెలిసింది. రోజుకి పద్నాలుగు ప్రార్థనలు. పెళ్ళయ్యాక అంత ప్రార్థన నేను ఎప్పుడూ చెయ్యలేదు. కొన్ని రోజులు ఒకటి రెండు గీతలు మళ్ళీ తుమ్ముల్లోకి జారేవి. చివరి వారంలో ఒకసారి నేను గీత దగ్గర మరీ ఎక్కువసేపు ఆగితే, మాస్టారు తల కొంచెం వంచి, గొంతు తగ్గించి అడిగారు.

"ఆమేన్ అయిందా అమ్మా?"

మూడో పరీక్ష మంగళవారం పొద్దున. అదే పెన్ను సారు. గీత దగ్గర ఆపాను. రోడ్డు మీద ఇటు ఎవరూ లేరు, అటు ఎవరూ లేరు. పాదం అలవాటుగా ఒకసారి అడిగింది. వద్దన్నాను.

"ఏమిటి గొణుగుతున్నారు?" అన్నాడాయన.

"ఆమేన్ అండీ."

"అంటే?"

"ఇక వెళ్ళొచ్చని."

ఆయన పెన్ను వంక చూసుకున్నాడు. నొక్కలేదు.

దారిలో నేను ఎవరికీ ఫోను చెయ్యలేదు. చెప్పాలని నాలుక దురద పెట్టింది గానీ, కాగితం పర్సులో ఉందో లేదో మూడుసార్లు చూసుకుంటూ ఇంటికొచ్చాను. గుమ్మం తీసేసరికి అత్తయ్య బయటికెళ్ళే చీరలో, ఒళ్ళో సంచితో సిద్ధంగా ఉన్నారు.

"నేను చెప్పకముందే కట్టేసుకున్నారేం?"

"విశ్వాసంతో," అన్నారు, నా చేతిలో కాగితం వంక చూస్తూ. చూశాకే సంచి భుజాన వేసుకున్నారు.

మా ఆయన సగం రోజు సెలవు పెట్టి వచ్చి, కారు మీద గుడ్డ తీసి, జాతీయ జెండాలా నాలుగు మడతలు పెట్టారు. "క్లచ్చు కొంచెం..." అని మొదలుపెట్టి, తల్లి ముఖం చూసి ఆపేశారు. రెండింటికి అత్తయ్యా నేనూ బయల్దేరాం. ఆయనైతే ఇరవై నిమిషాల్లో వెళ్ళే దారి. మమ్మల్ని అందరూ దాటారు. బస్సులో కిటికీ పక్కవాళ్ళు మెడలు తిప్పి మరీ చూశారు. ప్రతి గీత దగ్గరా ఇద్దరం కలిసే ఆమేన్ అన్నాం. కొండ ఎక్కి, గేటు లోపల కారు ఆపేసరికి మూడుంపావు. నా జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. అత్తయ్య దిగుతూ, "పర్లేదు," అన్నారు. ఆవిడ నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

పెద్దత్తయ్య కిటికీ దగ్గరే కూర్చున్నారు. బాగా చిక్కారు. పాపిడి ఎవరో అటుపక్కకి తీసినట్టున్నారు. మమ్మల్ని చూసి మర్యాదగా నవ్వారు.

"రండి. ఏ క్లాసు పిల్ల తాలూకు?"

అత్తయ్య వేళ్ళు సంచి చెవుల చుట్టూ బిగుసుకున్నాయి. "నేనక్కా. చెల్లెల్ని."

"మా చెల్లెలు చిన్నపిల్లండీ," అన్నారు పెద్దత్తయ్య, ఎదుటివాళ్ళని నొప్పించకుండా తప్పు దిద్దే టీచరు గొంతుతో. తర్వాత నా చేతిలో తాళాలు చూసి, "నువ్వు కూడా కూర్చో డ్రైవరమ్మా. ఎంతసేపని నిలబడతావు," అన్నారు.

అత్తయ్య కూర్చున్నారు. దువ్వెన తీసి అక్క పాపిడి మళ్ళీ మధ్యకి తీశారు. బిస్కెట్ల డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టారు. పాత ఇంటి సంగతులు, పక్కింటివాళ్ళ సంగతులు ఒక్కొక్కటే చెప్పారు. పెద్దత్తయ్య అన్నిటికీ, "అలాగా, పిల్ల బాగా చదువుతోందా?" అన్నారు. గోడ మీద గడియారం నాలుగుకి పది నిమిషాలు చూపించింది. అత్తయ్య మాటలు అయిపోయాయి.

"ప్రార్థన చేసుకుని వెళ్తాం," అన్నారు. అక్క చెయ్యొకటి, నా చెయ్యొకటి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

అత్తయ్య ప్రార్థన సృష్టి దగ్గర మొదలవుతుంది. సముద్రాలు, పర్వతాలు దాటి, పరిపాలించేవాళ్ళ మీదుగా ఆసుపత్రులకి వచ్చి, ప్రయాణాల్లో ఉన్నవాళ్ళని పలకరించి, తర్వాత గానీ చుట్టాల దగ్గరికి రాదు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ప్రార్థన పర్వతాల్లో ఉండగా ఎక్కడో గంట మోగింది. ఆసుపత్రుల్లో ఉండగా గుమ్మం దగ్గర నర్సు చెప్పుల చప్పుడు వచ్చి ఆగింది. నా అరచేతిలో కారు తాళం గుచ్చుకుంటోంది. వెనక్కి కొండ దిగాలి, మలుపులు ఎనిమిది. ఓర్చుకున్నాను. దర్జీ బాబాయి మోకాలు వచ్చింది, ఓర్చుకున్నాను. గుడి పైకప్పు వచ్చింది. అది చాలా పెద్ద కప్పు.

ఒక్క కన్ను తెరిచాను. కొంచెమే.

పెద్దత్తయ్య నన్నే చూస్తున్నారు, రెండు కళ్ళూ బాగా తెరిచి. ఖాళీగా ఉన్న చెయ్యి బిస్కెట్ల డబ్బా వైపు సగం దూరం వెళ్ళి ఆగి ఉంది. దొరికిపోయింది నేనో ఆవిడో నాకు అర్థం కాలేదు. ఆ చెయ్యి నెమ్మదిగా వెనక్కి తీసుకుని, వేలు పెదవుల మీద పెట్టుకున్నారు. తర్వాత అదే వేలితో, కళ్ళు మూసుకోమని నాకు సైగ చేశారు.

"ఇంకా అవలేదు," అన్నారు, పెదవులతోనే.

మూసుకున్నాను. ఈసారి చివరిదాకా మూసుకునే ఉన్నాను.

"ఆమేన్," అన్నారు అత్తయ్య.

"నీ ప్రార్థన ఎప్పుడూ ఇంతేనే చిట్టీ. అన్నాలు చల్లారిపోయేవి," అన్నారు పెద్దత్తయ్య, బిస్కెట్టు తీసుకుంటూ.

ఆ పేరు నేను ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. పిలిచేవాళ్ళు ఆవిడ ఒక్కరే మిగిలారు కాబోలు. గుమ్మంలో నర్సు చేతి గడియారం చూసుకోబోయి, మానేసి, వరండాలోకి వెళ్ళిపోయింది. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఈసారి దాని మీద నిజంగానే ఏదో ఉంది. మళ్ళీ పెట్టుకునేసరికి గొంతు మామూలైపోయింది. కాదు, మామూలు కంటే ఓ అరవై ఏళ్ళు చిన్నదైపోయింది.

"ఆహా, నువ్వు ఆగినట్టు చెప్తున్నావు. నేను కళ్ళు మూసుకోగానే నా కంచంలో ముక్క తీసుకుని నోట్లో వేసుకునేదానివి."

పెద్దత్తయ్య నమలడం ఆపారు.

"నీకెలా తెలుసే?"

అత్తయ్య నా వంక చూడకుండా కళ్ళజోడు తీసి మళ్ళీ తుడవడం మొదలుపెట్టారు. ఈసారి దాని మీద ఏమీ లేదు.